పరదా బండిలో వెళ్ళినావిడ

డ్రై క్లీనింగ్ షాపువాళ్ళు శాలువా తిరిగి ఇస్తూ దాని అంచుకి ఒక చిన్న చీటీ పిన్నుతో గుచ్చి పంపారు. తమకు తెలిసిన మందులన్నీ వాడి చూశామనీ, ఈ మచ్చ మాత్రం పోలేదనీ, ఇంకా రుద్దితే బట్ట చిరుగుతుందనీ అందులో రాశారు. అరుణ ఆ చీటీ చదివి నవ్వింది. అరుణ నా కూతురు. మన దేశం వదిలి వచ్చాక, ఇక్కడ ఇర్వింగ్‌లో నేను ఉండేది దాని ఇంట్లోనే. పాత బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని క్లాజెట్ సర్దుతూ, నా సూట్‌కేసు అడుగున పాత దిండుగలీబులో చుట్టి ఉన్న శాలువాని చూసి, నాకు చెప్పకుండా షాపులో ఇచ్చి వచ్చింది.

"ఏం మచ్చమ్మా ఇది? ఇంత మొండిగా ఉంది?" అంది.

"ఓటు సిరా."

"ఓటు సిరా వేలికి కదా పెడతారు. శాలువాకి ఎందుకు అంటింది?"

ఆ ప్రశ్నకి మా ఇంట్లో ఎవరూ ఇంతవరకు జవాబు చెప్పలేదు. నేరేడుపండు రంగు పట్టు శాలువా అది. జరీ నల్లబడింది గాని నేత చెడలేదు. అంచుకి జానెడు లోపల, చూపుడువేలి కొనంత నల్లని గుర్తు. ఎవరో లోపలినుంచి శాలువాని దగ్గరికి లాక్కున్నప్పుడు పడిన గుర్తు. ముక్కు దగ్గర పెట్టుకుంటే షాపు మందుల ఘాటు కింద, చాలా లోతున, జవ్వాది వాసన తగిలింది. అది మా నాయనమ్మ వాసన. ఆవిడ ఈ ప్రపంచంలో లేక ఎంతో కాలమైంది. పొద్దుటి ఎండ కిచెన్ కిటికీలోంచి పడుతోంది, బయట హైవే హోరు వినిపిస్తోంది. నేను శాలువాని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

మాది జమీందారుల దివాణం. ఇప్పుడది కల్యాణమండపం అయిందని, పెళ్ళికూతుర్ని అలంకరించే గది మా నాయనమ్మ పూజగదేనని ఎవరో చెప్పారు. నేను వెళ్ళి చూడలేదు, చూడను. పొలాలు పోయాయి, అడవి పోయింది, చివరికి వీధి గుమ్మం తలుపులు కూడా ఎవరో పాతసామాన్ల వ్యాపారి పట్టుకుపోయాడు. అయినా మా ఇంట్లో వీపు వంచి కూర్చోవడం ఎవరికీ రాదు. అరుణ స్నేహితులు నన్ను చూసి, "ఆంటీ, రిలాక్స్‌డ్‌గా కూర్చోండి," అంటుంటారు. నేను కూర్చునేదే ఇలా నిటారుగా.

ఆ దివాణంలో ఆడవాళ్ళది ఘోషా. వెనకవైపు లోగిలి దాటి బయటికి రావడం ఉండేది కాదు. నాయనమ్మ తెల్లవారకముందే లేచి, తడిబట్టతో తులసికి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ గదిగదికీ చూపించి, తరవాత చాలాసేపు దీపం వత్తులు చేసేది. మధ్యాహ్నానికి వార్తాపత్రిక లోపలికి వచ్చేది. మగవాళ్ళు చదివి నలిపిన ఆ కాగితాలకి చుట్ట వాసన ఉండేది. ఆవిడ వాటిని మోకాలి మీద సాపు చేసుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ప్రకటనలు కూడా వదలకుండా చదివేది. దేశంలో ఎక్కడెక్కడ వరదలు వచ్చాయో ఆవిడకి తెలుసు. మా వీధి చివర ఏముందో తెలియదు. నాకు ఆవిడ పేరే పెట్టారు, సుభద్ర అని. అత్తగారి పేరు నోటితో అనకూడదు కనక మా అమ్మ నన్ను బుల్లెమ్మ అనేది. అలా ఆ ఇంట్లో సుభద్ర అనే పేరు ఇద్దరికి ఉండి కూడా ఎవరి నోటా వినిపించేది కాదు.

ఓట్ల రోజున మాకొక ఆచారం ఉండేది. దివాణం ఆడవాళ్ళ ఓటు ఊళ్ళో అందరికంటే ముందు పడాలి. గూడుబండికి నాలుగువైపులా పరదాలు దించి, లోపల ఎవరున్నదీ తెలియకుండా, ఎద్దుల మెడలో గంటలతో బడి దగ్గరికి తోలుకెళ్ళేవారు. బండి దిగే చోటు నుంచి తలుపు దాకా పనివాళ్ళు రెండువైపులా గుడ్డ తెరలు పట్టేవారు. ఆ తెరలో ఉన్న చీలికలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చేది. దానికి సిరా పెట్టేవారు. కాసేపటికి బండి తిరిగి వచ్చేది, మా లోగిలిలోకి పళ్ళెంలో పటికబెల్లం వచ్చేది. అంటే ఓటు పడిందని అర్థం. నాయనమ్మ ఒక పలుకు నోట్లో వేసుకుని మాకు పంచేది. ఆవిడ మాత్రం ఏనాడూ ఆ బండి ఎక్కలేదు. మరి ఎవరు వెళ్ళేవారు అని మేము అడగలేదు. ఆవిడా అడగలేదు. మన తరఫున పురోహితుడు జపం చేసినట్టుగా, ఓటు కూడా ఎవరో మన పేరున వేసి రావడం మర్యాద అని ఆ ఇంట్లో అందరూ నమ్మేవారు. శ్రమ లేకుండా మన పని జరిగిపోవడమే గొప్పతనం అని మాకు నేర్పారు.

ఒక ఏడు పంచాయితీ ప్రెసిడెంటు పదవికి మా చినతాతగారు నిలబడ్డారు. తాతగారు పోయాక దివాణం వ్యవహారం అంతా ఆయనదే. ఆయనకి పోటీగా నిలబడింది, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆడపిల్లల బడికి కప్పు వేయించడమే ఆవిడ అడిగేది. ఒక పగటివేళ ఆవిడ వీధివైపు రాకుండా వెనక దొడ్డి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. నాయనమ్మ తలుపు చాటున ఉంది, నేను ఆవిడ కొంగు పట్టుకుని ఉన్నాను.

"అమ్మగారూ, మీ ఓటు అడగడానికి వచ్చాను," అంది టీచరమ్మ.

"నా ఓటా? మరిదిగారు కచేరీ సావిట్లో ఉన్నారు. అక్కడ అడగండి."

"వారి ఓటు వారిని అడిగానండి. నవ్వారు. ఇది మీది కదా అని ఇటు వచ్చాను."

నేను తలెత్తి చూస్తే నాయనమ్మ పెదవులు కదులుతున్నాయి. చివరికి, "నా గుమ్మంలోకి వచ్చి నన్ను ఏదీ ఎవరూ అడగలేదమ్మా ఇంతవరకు," అంది. "వేస్తాను. వెళ్ళిరండి."

మా ఇంట మాట ఇస్తే అది ఇచ్చినట్టే. ఆస్తులు పోయినా మాకు మిగిలిందని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

ఓట్ల రోజు పొద్దున ఆవిడ పూజ త్వరగా ముగించి పెట్టె తెరిచింది. బయటికి వెళ్ళేటప్పుడు కప్పుకోవడానికి పెళ్ళినాటి నేరేడురంగు శాలువా కోసం వెతికింది. అది పెట్టెలో లేదు. అడుగుదాకా చేత్తో తడిమి చూసి, "ఇక్కడే ఉండాలే," అనుకుంటూ తెల్లచీర కొంగే తల మీదుగా లాక్కుని, నా చెయ్యి పట్టుకుని, వీధి గుమ్మం దాటింది. నాకు గుర్తున్నంతలో ఆవిడ ఆ గుమ్మం దాటడం అదే మొదలు. మా ఊళ్ళో ఘోషా ఆడవాళ్ళు ఎదురైతే మగవాళ్ళు గోడవైపు తిరిగి నిలబడాలి. ఆ రోజు వీధి పొడుగునా అలాగే చేశారు. దారంతా వీపులే. ఒక్క మొహం కనిపించలేదు, ఒక్క మాట వినిపించలేదు, కుక్క కూడా మొరగలేదు. మేమిద్దరం మనుషులు లేని ఊళ్ళో నడుస్తున్నట్టు అనిపించింది. నాయనమ్మ అరచెయ్యి మాత్రం నా చేతిలో వేడిగా ఉంది.

బళ్ళో బల్ల వెనక కూర్చున్న ఆఫీసరు కుర్రవాడు. పొరుగూరివాడు. ఆవిడ పేరు చెప్పగానే లేచి నిలబడి, తల దించుకున్నాడు.

"ఈ పేరు మీద ఓటు పడిపోయిందమ్మా."

"ఎవరు వేశారు?"

"తమరేనమ్మా. పొద్దున్నే పరదా బండిలో వచ్చి వేసి వెళ్ళారు."

"నేను ఇప్పుడే కదా బాబూ వస్తున్నాను."

అతను తల ఎత్తలేదు. అతని పక్కన మా చినతాతగారి మనిషి ఏజెంటుగా కూర్చుని ఉన్నాడు. వాడు కూడా నేల చూస్తూనే, "అమ్మగోరి ఓటు అమ్మగోరే ఏసీసినారు. సూసినోళ్ళం మేమే," అన్నాడు.

"ఏం చూశావురా?"

"సెయ్యి సూసినామమ్మా."

పేరు పక్కన వేలిముద్ర ఉంది. ఇంకా పూర్తిగా ఆరలేదు. "నాకు సంతకం వచ్చు," అంది నాయనమ్మ. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. ఆ వేలిముద్ర వైపు వంగి, తప్పిపోయిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది. అలా జరిగినప్పుడు అసలు మనిషికి వేరే కాగితం ఇచ్చి ఓటు వేయించి విడిగా దాచాలని చట్టంలోనే ఉందని చాలా ఏళ్ళ తరవాత నేను తెలుసుకున్నాను. ఆ రోజు ఆ గదిలో ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆఫీసరుకి తెలియదో, తెలిసినా పక్కన ఏజెంటు ఉన్నాడని ఊరుకున్నాడో నేను చెప్పలేను.

ఇంటికి వచ్చేసరికి శాలువా పెట్టెలో ఉంది. నాయనమ్మ శాలువాని మూడు మడతలు పెట్టి, జరీ లోపలికి వచ్చేలా మళ్ళీ సగానికి మడిచేది. అలా ఆ ఇంట్లో ఇంకెవరూ మడవరు. శాలువా అచ్చం అలాగే మడిచి ఉంది. విప్పితే ఈ మచ్చ. అప్పుడు లేత ఊదారంగులో ఉంది. కుంకుడుకాయతో ఉతికారు, నిమ్మచెక్కతో రుద్దారు, ఎండలో ఆరేశారు. ఎండ తగిలినకొద్దీ నల్లబడింది. చినతాతగారు లోగిలి గుమ్మం దాకా వచ్చి, "మీ గౌరవం కోసమే కదా వదినగారూ. దివాణం ఓటు ముందు పడకపోతే ఊరేమనుకుంటుంది?" అన్నారు.

"బండిలో ఎవరు వెళ్ళారు?"

"మీరే వెళ్ళారు," అన్నారాయన. నవ్వలేదు.

టీచరమ్మ ఓడిపోయింది. ఓడిపోయాక మళ్ళీ దొడ్డి గుమ్మం దగ్గరికి వచ్చి, "ఫలితానికేముందండి. దివాణం నుంచి మీరొక్కరైనా నాకు వేశారు, నాకది చాలు," అని దణ్ణం పెట్టింది. నాయనమ్మ తలుపు చాటు నుంచి ఇవతలికి వచ్చింది. వేయలేదని చెబితే మాట తప్పిన మనిషి అవుతుంది. వేశానంటే అబద్ధం. ఆవిడ అలా నిలబడి ఉండగానే టీచరమ్మ వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఆవిడలో వచ్చిన మార్పుని పెద్దవాళ్ళు చాదస్తం అన్నారు. నాకు అలా అనిపించలేదు. భోజనాల వేళ తన పక్కన ఇంకొక పీట వేయించేది. ఎవరికని అడిగితే, "ఆవిడ వస్తే కూర్చోవద్దూ?" అనేది. పొద్దున్నే నన్ను పిలిచి ఎడమచేతి వేళ్ళు చాపి, "సిరా ఏమైనా ఉందా చూడవే, బుల్లెమ్మా," అనేది. లేదంటే నిట్టూర్చేది. వార్తాపత్రిక చదవడం మానేసింది. మడత విప్పకుండానే పక్కకి జరిపి, "ఆవిడ చదువుకుంటుందిలే," అనేది. పేరు పెట్టి పిలవని ఇల్లు కదా, ఆ పేరుతో ఇంకొకామె తిరుగుతుంటే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? ఒక మధ్యాహ్నం, ఇల్లంతా నిద్రపోతుంటే, బండ్ల శాలలో గంట చప్పుడు వినిపించి వెళ్ళాను. ఎద్దులు లేవు. పరదా బండి ఒక్కటే కాడి నేలకి ఆనించి ఉంది, పరదాలు దించి ఉన్నాయి. పరదాల సందులోంచి చెయ్యి పెట్టి లోపలి పరుపు తడిమాను. మధ్యలో ఎవరో కూర్చుని లేచినట్టు గుంట. వెచ్చగా ఉంది. పిల్లి పడుకుని ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అనుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంటే వేళ్ళకి జవ్వాది వాసన.

నాయనమ్మ ఆ మరుసటి వేసవిలో పోయింది. పోయాక వచ్చిన ఎన్నికల్లో కూడా పరదా బండి కదిలింది. గంటలు మోగాయి, పనివాళ్ళు తెరలు పట్టారు, పటికబెల్లం పళ్ళెం లోగిలిలోకి వచ్చింది. మా అమ్మ ఆ పళ్ళెం అందుకోకుండా వెనక్కి జరిగింది. "పేరు ఇంకా తియ్యలేదుగా, ఓటు ఎందుకు పాడవాలి?" అన్నారు చినతాతగారు. ఆ పటికబెల్లం ఎవరూ ముట్టలేదు. చీమలు కూడా పట్టలేదని మా అమ్మ చెప్పేది. అది నేను చూడలేదు.

ఇక్కడ పౌరసత్వం తీసుకున్నాక నన్ను ఓటరుగా చేర్పించింది అరుణే. నేను మాత్రం ఏ ఎన్నికకీ వెళ్ళలేదు. క్యూలో నిలబడి బల్ల ముందు పేరు చెప్పుకోవడం మా ఇంటి పద్ధతి కాదు అనేదాన్ని. వీపు నిటారుగా పెట్టి ఆ మాట అంటే ఎదురు చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలదు. లోపల ఉన్న మాట వేరు. ఆ బల్ల వెనక మనిషి తల దించుకుని, మీ ఓటు పడిపోయింది అంటాడేమోనని. ఇక్కడ అలా జరగదని నాకు తెలుసు. తెలిసినా ఆ భయం పోలేదు.

శాలువా షాపు నుంచి తిరిగి వచ్చిన వారమే పక్కింటి శ్రీనివాస్ వచ్చాడు. వరంగల్ వైపు అబ్బాయి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురు మా సందు చివరి స్కూల్లోనే చదువుతోంది. ముందు తలుపు కొట్టకుండా పెరటి గేటు దగ్గర నిలబడ్డాడు, కాళ్ళకి గడ్డి అంటి ఉందని.

"ఆంటీ, మా పాప బడి బంద్ చేసుడా, ఉంచుడా అనేది ఇప్పుడు గెలిచే స్కూల్ బోర్డు చేతులనే ఉంది," అన్నాడు. "నేను టాక్స్ కడ్త. ఇల్లు కొన్న. గ్రీన్ కార్డ్ లైన్‌ల నిలబడి నిలబడి నెత్తి నెరిసింది. గని నాకు ఓటు లేదు. ఒక్కోసారి ఈడ ఉన్ననా, లేనా అనిపిస్తది. మీకు ఉంది గద ఆంటీ. మీ ఓటు అడుగుదామని వచ్చిన."

"ఎవరికి వెయ్యమంటావు?"

"గది మీ ఇష్టం. నిలబడ్డోళ్ళు ఏమంటున్నరో మీరే చదువుకోండ్రి. వెయ్యున్రి, గంతే."

"వేస్తాను," అనేశాను. అన్నాక తెలిసింది ఏమన్నానో. పెరటి గేటు, బయట నిలబడి అడిగే మనిషి, లోపల నిలబడి మాట ఇచ్చిన సుభద్ర.

సాయంత్రం అరుణకి చెబితే కళ్ళు పెద్దవి చేసింది. "నువ్వా? నేను ఆఫీస్‌కి వెళ్తూ ఎర్లీ ఓటింగ్‌లో ముందుగానే వేసేశానే. తెలిస్తే నిన్ను కూడా డ్రైవ్ చేసి తీసుకెళ్ళేదాన్ని. అంత కష్టమైతే మానెయ్యమ్మా. నీ బదులు వేసి రావడానికి నాకు కుదరదు కదా."

"కుదరకపోవడమే మంచిది," అన్నాను. అరుణ ఫోను పక్కన పెట్టి నా వైపు చూసింది.

మనం వెళ్ళకపోతే మన చోటు ఖాళీగా ఉంటుందని అనుకుంటాం. నేను పెరిగిన ఇంట్లో ఆ చోటు ఒక్కసారి కూడా ఖాళీగా లేదు. ఎవరో వచ్చి కూర్చునేవారు, మన శాలువా కప్పుకుని, మన పేరున. ఇక్కడ నా పేరున ఎవరూ వేయరు, నిజమే. కాని నేను ఇంట్లో కూర్చున్న ప్రతిసారీ, వెళ్ళినవాళ్ళు నాకూ కలిపి నిర్ణయించారు, శ్రీనివాస్ కూతురికీ కలిపి నిర్ణయించారు. పటికబెల్లం పళ్ళెం రాలేదు, అంతే తేడా. ఓటు లేనివాడు గేటు బయట నిలబడి ఇక్కడ ఉన్నానా లేనా అని అడుగుతుంటే, ఓటు ఉన్నదాన్ని, మా వంశం క్యూలో నిలబడదు అనడంలో ఏ గొప్పతనం ఉందో నాకు కనిపించలేదు. నాయనమ్మ వంశం కూడా ఇదే. ఆవిడ నడిచి వెళ్ళింది.

ఎన్నిక రోజు అరుణ నన్ను స్కూలు దగ్గర దింపి, పార్కింగ్‌లో ఉంటానంది. జిమ్ హాల్లో ఏసీ ఎక్కువని శాలువా కప్పుకున్నాను, మచ్చ లోపలికి వచ్చేలా. హాల్లో వరసగా నిలబడినవాళ్ళందరూ తలలు వంచి చేతుల్లోని నమూనా కాగితాలు చూసుకుంటున్నారు. ముందు వీపులు, పక్కన వంగిన తలలు. ఒక్క మొహం కనిపించలేదు. బూట్లు నేల మీద కదిలినప్పుడు కిర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. నా అరచెయ్యి వేడెక్కింది. ఎవరో పట్టుకున్నట్టు ఉంది. నేను ఆ చేతివైపు చూడలేదు.

బల్ల వెనక ఒక పెద్దావిడ. నా గుర్తింపు కార్డు తీసుకుని, ఎదురుగా ఉన్న ట్యాబ్లెట్ తెర మీద వేలితో పైకీ కిందికీ జరిపింది. ఆగింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది. "వన్ సెకండ్, మేమ్," అంది. నేను ఆవిడ తల దించుకోవడం కోసం ఎదురుచూశాను. ఆవిడ తల ఎత్తింది. నేరుగా నా మొహంలోకి చూస్తూ, అక్షరాలు కూడబలుక్కుంటూ, గట్టిగా, హాలంతా వినిపించేలా, "సుభద్ర?" అంది.

మా ఇంట్లో ఎవరూ నోటితో అనని పేరు. నా వెనక, శాలువా మడతల్లో, జవ్వాది వాసన ఒక్కసారిగా లేచింది.

"నేనే," అన్నాను.

సంతకం చెయ్యమని తెర నా వైపు తిప్పింది. చేశాను. అక్కడ ఏ వేలిముద్రా లేదు.

మూడువైపులా అట్ట అడ్డం పెట్టిన బల్ల దగ్గరికి కాగితం తీసుకుని వెళ్ళాను. ఇక్కడ గుర్తులు ఉండవు, పేర్లే. శ్రీనివాస్ చెప్పినట్టు ఇంట్లో అందరి గురించీ చదువుకుని వచ్చాను, ఎవరికో నిశ్చయించుకుని వచ్చాను. అయినా తొందరపడలేదు. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా పెదవులతో మెల్లగా పైకే చదివాను, చూపు ఆనని పెద్దవాళ్ళకి పత్రిక చదివి వినిపించినట్టుగా. వీపు వెనక ఎవరో ఉన్నారు, జవ్వాది వాసన వేస్తోంది. వరసలో నిలబడినవాళ్ళు దూరంగా ఉన్నారని నాకు తెలుసు. వెనక్కి తిరగలేదు. పెన్ను ఎత్తి, కాగితం ఆవిడకి కూడా పూర్తిగా కనిపించేలా, కొంచెం పక్కకి జరిగి నిలబడ్డాను.